పాలు చాలక కాదు, పాలు ఆగక!

మా ఆడబిడ్డ ఇల్లు మా వీధిలోనే. పోయిన నెల వాళ్ళమ్మాయి నెల్లూరులో కాన్పయి సంగం వచ్చింది. ఇరవై రోజుల పిల్ల. చూసొద్దామని వెళ్ళేసరికి ఇల్లంతా ఏడుపు. పిల్లని రొమ్ముకి పెట్టగానే నాలుగు గుక్కలు గబగబా మింగుతుంది, ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంది, వెనక్కి విరుచుకుపోయి గుక్కపట్టి ఏడుస్తుంది. మళ్ళీ పెడితే మళ్ళీ అదే వరస.

"దీనికి తల్లిపాలు పడట్లేదు" అంది మా ఆడబిడ్డ. "పాలు చాలట్లేదు, అందుకే ఆ ఏడుపు. డబ్బా పట్టండి" అంది పక్కింటావిడ. అప్పటికే డబ్బా తెచ్చి కిటికీలో పెట్టారు. మూత ఇంకా తియ్యలేదు. ఆ బాలింత పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అత్తా, నా పాలు నా బిడ్డకి నచ్చలేదంటావా?" అంది.

నేను ఒక్కటే అడిగాను. "ఇటువైపు పాలిస్తుంటే అటువైపు జాకెట్టు ఎందుకమ్మా అంత తడిసింది?"

పాలు చాలని తల్లికి రెండోవైపు అలా ధార కట్టి కారవు. ఇది పాలు చాలకపోవడం కాదు, పాలు ఒక్క ఉదుటున రావడం. ఆ తేడా నాకు తెలియడానికి ఇద్దరు పిల్లలు పుట్టాల్సి వచ్చింది. తెలిశాక ఆ సంగతి ఎక్కడెక్కడ రాసి ఉందో వెతుక్కుంటూ కొన్నేళ్ళు చదువుకున్నాను. మన అమ్మమ్మలకి తెలిసిన విషయం మనకెందుకు తెలియకుండా పోయిందన్నదే నా ప్రశ్న. ఈరోజు ఆ కథంతా చెబుతాను.

నా పెద్దకొడుకు 2006లో పుట్టాడు. వాడూ అచ్చం ఇలాగే దగ్గి, విరుచుకుని, ఏడ్చేవాడు. ఆస్పత్రిలో నర్సమ్మ, "మూడు గంటలకొకసారి పట్టు, ఒక్కోవైపు పది నిమిషాలు" అని చెప్పింది. గడియారం చూసుకుంటూ అలాగే చేశాను. వాడి ఏడుపు పెరిగింది. పచ్చగా, నురగగా విరేచనం అయ్యేది. పొట్ట ఉబ్బేది. పాలు చాలట్లేదని ఇంట్లో వాళ్ళు నాకు వెల్లుల్లి కారం, బొప్పాయికాయ కూర, సొరచేప పులుసు ఆపకుండా పెట్టారు. మన వైపు బాలింతకి చెప్పేవన్నీ పాలు పెరగడానికే గదా! ఎక్కువైతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. నలభై రోజులకి డబ్బా మొదలుపెట్టాం. సీసా పీకలోంచి పాలు నిదానంగా వస్తాయి కాబట్టి వాడు హాయిగా తాగాడు. "చూశావా, నీ పాలే పడలేదు" అన్నారు. నేనూ నమ్మాను. వాడు బాగానే పెరిగాడు, ఇప్పుడు నాకంటే ఎత్తు. కానీ ఆ మాట మాత్రం చాలా ఏళ్ళు నా లోపల ముల్లులా ఉండిపోయింది.

రెండో కాన్పుకి మా అమ్మకి ఒంట్లో బాగాలేక నేను సంగంలోనే ఉండిపోయాను. అప్పటికి మా ఆయన నాయనమ్మ బతికే ఉంది. మేమంతా అవ్వ అనేవాళ్ళం. జీవితమంతా బర్రెలు పితికిన మనిషి. రెండోదీ అలాగే దగ్గి ఏడుస్తుంటే, అవ్వ మంచం దగ్గర కూర్చుని రెండు రోజులు ఊరికే చూసింది. మూడోరోజు అంది: "బిడ్డ పాలొద్దని ఏడవడంలా అమ్మే, తాగలేక ఏడస్తా ఉండాది. నీకు చేపు ఎక్కువ."

చేపు! ఆ మాట బర్రెల విషయంలో వినడమే గానీ నా గురించి ఎవరూ అనలేదు.

పాడి ఉన్న ఇళ్ళలో పెరిగిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బర్రె పొదుగు నిండుగా ఉన్నా, ఊరికే పిండితే పాలు రావు. ముందు దూడని వదలాలి. అది నాలుగుసార్లు కుమ్మి చీకితే అప్పుడు బర్రె చేపుతుంది, అంటే లోపలి పాలు చన్నుల్లోకి దిగుతాయి. అప్పుడు దూడని పక్కన కట్టేసి పితుకుతారు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టేవాళ్ళు. దాన్ని నాకి, చూసుకుని, ఆ వెర్రి తల్లి చేపేది. పాలు తయారవడం వేరు, పాలు దిగడం వేరు. ఈ రెండింటికీ తేడా తెలిసిన భాష మనది. "పాలు చేపుకొచ్చాయి" అని తల్లుల గురించి కూడా అనేవాళ్ళు. ఇంగ్లీషు డాక్టర్లు తల్లుల పాల గురించి ఇప్పుడు వాడే మాట కూడా పశువుల కొట్టంలోంచి వచ్చిందే.

పుస్తకాల్లో చూస్తే ఇది ఇంకా పాత సంగతి. సుశ్రుత సంహిత రెండువేల ఏళ్ళ కిందటిదని చెబుతారు. అందులో నిదానస్థానం పదో అధ్యాయంలో, బిడ్డని తాకినా, చూసినా, తలుచుకున్నా తల్లికి పాలు ప్రవహిస్తాయనీ, ఎడతెగని స్నేహమే దానికి కారణమనీ ఉంది. శారీరస్థానం పదో అధ్యాయంలో ఉన్న మాట చదివినప్పుడైతే నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను. బిడ్డకి పాలిచ్చే ముందు రొమ్ము కడిగి, కొంచెం పాలు పిండి పారబోసి, ఆ తర్వాత తాగించాలట. అలా పిండకుండా బిగిసి నిండిన రొమ్మునే తాగిస్తే బిడ్డకి దగ్గు, ఆయాసం, వాంతి వస్తాయట. నా పెద్దవాడికి వచ్చినవి అవే కదా! నర్సమ్మకీ, మాకూ, పక్కింటివాళ్ళకీ తెలియని విషయం రెండువేల ఏళ్ళుగా అక్కడ రాసి ఉంది.

అలాగని పాతదంతా బంగారమని నేననను. అదే అధ్యాయంలో పుట్టిన బిడ్డకి మొదటి రోజుల్లో తేనె, నెయ్యి నాకించమని కూడా ఉంది. మన ఇళ్ళలో ముర్రుపాలు మంచివి కావని పిండి పారేసిన కాలం మనకి తెలిసిందే. ఆ ముర్రుపాలే బిడ్డకి మొదటి రక్షణ అని, ఆరు నెలలదాకా తేనె గానీ నీళ్ళు గానీ ఏమీ వద్దని ఇప్పుడు డాక్టర్లు చెప్పేది వినాల్సిందే. తేనె ఏడాదిలోపు బిడ్డకి ప్రమాదం కూడా. పాత పుస్తకంలో ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో చూసుకోవాలి.

మరి సైన్సుకి ఇది ఎప్పుడు తెలిసింది? 1906లో ఇంగ్లండులో హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్త, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని గమనించాడు. 1910లో అమెరికాలో ఆట్, స్కాట్ అనే ఇద్దరు అలాంటి రసాన్నే మేకకి ఎక్కిస్తే పాలు దూసుకొచ్చాయి. ఆ రసంలో ఉన్నది ఆక్సిటోసిన్. బిడ్డ చీకగానే ఆ కబురు నరాల ద్వారా మెదడుకి వెళుతుంది, ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది, రొమ్ములో పాలగదుల చుట్టూ ఉన్న చిన్న కండరాలు బిగుసుకుని పాలని బయటికి తోస్తాయి. ఇదే చేపు. కొందరికి ఆ తోపు మెత్తగా ఉంటుంది, కొందరికి పిచికారీలా ఉంటుంది. 1953లో విన్సెంట్ డు విన్యో దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. దొంగచాటుగా బర్రెలకి పొడిచి పాలు పిండే సూది ఉంది చూశారూ, అదీ ఇదే. దూడ చెయ్యాల్సిన పని సూది చేస్తోందన్నమాట.

1948లో న్యూటన్ దంపతులనే అమెరికన్ పరిశోధకులు ఒక తల్లి మీద చేసిన ప్రయోగం చదివి నాకు నవ్వూ, జాలీ రెండూ వచ్చాయి. పాలిచ్చే సమయంలో ఆమె కాళ్ళు మంచునీళ్ళలో పెట్టించారు, కాలివేళ్ళు నొప్పెట్టేలా లాగారు, లెక్కలు చేయించారు. అప్పుడు బిడ్డకి పాలు తక్కువ దిగాయి. ఆ హింసలోనే ఆక్సిటోసిన్ ఇస్తే మళ్ళీ దిగాయి. అంటే రొమ్ములో పాలున్నా, మనసు కుదురుగా లేకపోతే చేపు రాదు. మంచునీళ్ళు ఎందుకు లెండి, చుట్టూ పదిమంది చేరి "పాలు చాలట్లేదా" అని అడిగితే చాలదూ?

ఇన్ని తెలిశాక కూడా నా మొదటి కాన్పునాటికి ఈ జ్ఞానమంతా ఎటుపోయింది? నాకు అర్థమైనంతలో రెండు వస్తువులు దాన్ని తుడిచేశాయి. ఒకటి గడియారం, రెండోది డబ్బా.

గడియారం సంగతి చూద్దాం. న్యూజీలాండులో ట్రూబీ కింగ్ అనే డాక్టరు 1907లో తల్లీబిడ్డల కోసం ఒక సంఘం మొదలుపెట్టాడు. 1913లో పిల్లల పెంపకం మీద పుస్తకం రాశాడు. నాలుగు గంటలకొకసారే పాలివ్వాలి, రాత్రి అసలు ఇవ్వకూడదు, ఏడ్చినా ఎత్తుకోకూడదు అన్నాడు. బ్రిటిష్ వాళ్ళ రాజ్యమంతా ఆ పద్ధతి గొప్పగా చెలామణీ అయింది. ఆయన తల్లిపాలకి శత్రువు కాదు, తల్లిపాలే మేలని గట్టిగా చెప్పినవాడే. కానీ చేపు ఎక్కువ ఉన్న తల్లికి ఆ గడియారం ఎంత చేటో చూడండి. గంటలు గడిచేకొద్దీ రొమ్ము రాయిలా బిగుస్తుంది, బిడ్డ నకనకలాడే ఆకలితో ఉంటుంది. ఆత్రంగా చీకిన బిడ్డ గొంతులోకి బిగిసిన పాలు ఒక్కసారి దూకుతాయి. పది నిమిషాలకి వైపు మారిస్తే అటువైపు కూడా మళ్ళీ అదే జడివాన. మొదట వచ్చే పల్చటి పాలతోనే పొట్ట నిండిపోతుంది, చివర్లో వచ్చే చిక్కటి పాలదాకా బిడ్డ చేరదు. పచ్చటి నురగ విరేచనాలు, పొట్ట ఉబ్బరం అందుకే. బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి ఆస్పత్రులకి పది సూత్రాలు రాసింది 1989లో. 2006లో నాకు అందింది మాత్రం ఆ పాత గడియారమే.

ఇక డబ్బా. 1867లో హెన్రీ నెస్లే స్విట్జర్లాండులో పసిపిల్లల పాలపిండి అమ్మకానికి పెట్టాడు. మన దేశంలో 1950ల్లో మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు బర్రెపాలతో పసిపిల్లల పొడి చేసే పద్ధతి కనిపెడితే, అమూల్ దాన్ని తయారుచేసింది. తల్లి లేని బిడ్డకి, పాలు నిజంగా రాని తల్లికి అది ప్రాణదానమే. నేను డబ్బాని తిట్టడానికి కూర్చోలేదు, నా కొడుకు దాంతోనే పెరిగాడు. కానీ అవసరం లేని ఇళ్ళలోకి కూడా అది ఎలా వచ్చిందో 1939లోనే సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ సింగపూరులో నిలబడి, పాలడబ్బాల తప్పుడు ప్రచారం వల్ల పోయే పసిప్రాణాలని హత్యలుగానే చూడాలని ఉపన్యాసమిచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఆ అమ్మకాలకి నియమావళి చేసింది. 1992లో మన పార్లమెంటు చట్టం చేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించింది. రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు వెయ్యకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ ఉండకూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని దాని మీదే రాయాలి. చట్టం ప్రకటనని ఆపగలిగింది గానీ, పక్కింటావిడ నోటిని ఆపలేదు కదా.

మళ్ళీ మా అవ్వ దగ్గరికి వస్తాను. చేపు ఎక్కువని తేల్చాక నేను తెలివిగా, "అయితే మల్లెపూలు కట్టుకుంటా అవ్వా, పాలు తగ్గుతాయంట గదా" అన్నాను. దండ తెప్పించి పెట్టుకున్నాను కూడా. అవ్వ ఆ దండ నా చేతిలోంచి లాక్కుంది. "పాలు తాగే బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఎవురన్నా మల్లెపూలు కడతారా అమ్మే?" అంది. ఎప్పుడూ అంత కోపంగా చూడలేదు.

తర్వాత తనే చెప్పింది. అవ్వకి రెండో బిడ్డ పదకొండో రోజు పోయిందట. రొమ్ములు పగిలిపోతున్నట్టు ఉంటే వాళ్ళత్త మల్లెదండలు తెచ్చి రోజూ కట్టిందట. నాలుగైదు రోజులకి పాలు ఇంకిపోయాయి. "అయినా రాత్రిపూట ఎవురి బిడ్డన్నా ఏడిస్తే మళ్ళా చేపేది" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు. ఆ తర్వాత అవ్వ తలలో మల్లెపూలు ఎందుకు పెట్టుకోదో నేనెప్పుడూ అడగలేదు.

మల్లెపూల వైద్యం వట్టి నమ్మకం కాదు. 1988లో వెల్లూరు డాక్టర్లు బిడ్డలు దక్కని 60 మంది తల్లుల్లో సగం మందికి మల్లెదండలు కట్టి, సగం మందికి పాలు ఆపే మాత్ర బ్రోమోక్రిప్టిన్ ఇచ్చి చూశారు. రెండువైపులా పాలు తగ్గాయి, పాలు పుట్టించే ప్రొలాక్టిన్ కూడా రక్తంలో తగ్గింది. అందుకే చెబుతున్నాను, మల్లెపూలు పాలు ఆపేయడానికి. పాలు దూకుడు తగ్గించుకోవడానికి అవి దారి కాదు.

మరి దారేది? అవ్వ చెప్పింది మా ఊరి భాషలో. మా సంగం పెన్న ఒడ్డున ఉంది. 1880ల్లో కట్టిన పాత ఆనకట్ట నుంచి కనిగిరి రిజర్వాయరుకి నీళ్ళు పోయేవి, 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ కూడా వచ్చింది. ఇక్కడ ముసలమ్మకి కూడా కాలువ సంగతి తెలుసు. "తూము ఒక్కసారే ఎత్తితే పిల్లకాలువ గట్టు నిలబడుద్దా? ముందు కొంచెం వదిలి, ఆనక పారించాల" అంది.

ఆమె చేయించినవి, తర్వాత డాక్టరమ్మ సరేనన్నవి ఇవీ. బిడ్డ నకనకలాడేదాకా ఆగకుండా, నిద్రలో కదిలి నోరు తిప్పుతున్నప్పుడే పట్టడం. బిడ్డ చీకడం మొదలుపెట్టి, పాలు జివ్వుమని దిగగానే ఒక్క నిమిషం విడిపించి, ఆ మొదటి ధార పాతగుడ్డలోకి పోనివ్వడం, దూకుడు తగ్గాక మళ్ళీ పట్టడం. అన్నిటికంటే పనిచేసింది ఇంకోటి. నేను దిండ్లకి ఆనుకుని బాగా వెనక్కి వాలి, బిడ్డని నా మీద బోర్లా పడుకోబెట్టుకోవడం. అప్పుడు పాలు పైకి ఎక్కాలి గదా, వేగం తగ్గుతుంది. ఎక్కువైన పాలని బిడ్డ పక్కకి వదిలేయగలదు. రాత్రిపూట పక్కకి తిరిగి పడుకుని ఇచ్చినా ఇదే మేలు. మధ్యలో రెండు మూడుసార్లు భుజానేసుకుని త్రేన్పించడం. ఒకసారికి ఒకవైపే, బిడ్డ తనంతట వదిలేదాకా ఇవ్వడం. రెండోవైపు మరీ బిగిస్తే, నొప్పి తగ్గేంత వరకే కొద్దిగా పిండడం. మొత్తం పిండేస్తే ఒళ్ళు ఇంకా పాలు కావాలేమో అనుకుని ఇంకా తయారుచేస్తుంది.

గంటల తరబడి ఒకేవైపు ఇచ్చే పద్ధతి కూడా ఉంది గానీ, అది డాక్టర్ని అడక్కుండా చెయ్యొద్దు. పాలు గడ్డకట్టొచ్చు, మరీ తగ్గిపోనూవచ్చు. రొమ్ము ఎర్రబడి, గట్టిగా నొప్పెట్టి, జ్వరం వస్తే ఆస్పత్రికి వెళ్ళాలి. బిడ్డ బరువు పెరగకపోయినా, పాలు తాగుతుంటే పెదాలు నీలంగా మారినా, ఊపిరి కష్టమైనా ఇది చేపేలే అని ఇంట్లో కూర్చోవద్దు. మామూలు చేపు దూకుడైతే రెండు మూడు నెలల్లో చాలామందికి సర్దుకుంటుంది. ఒళ్ళు బిడ్డ లెక్క నేర్చుకుంటుంది, బిడ్డ తల్లి వేగం నేర్చుకుంటుంది. నా రెండోది ఏడాదిన్నరదాకా నా పాలే తాగింది.

ఆ రోజు మా ఆడబిడ్డ ఇంట్లో ముందు గదిలోంచి అందర్నీ బయటికి పంపాను. అమ్మాయిని మూడు దిండ్లకి ఆనించి వాల్చాను. మొదటిసారి పిల్ల మళ్ళీ దగ్గింది. రెండోసారి విరుచుకుంది. మూడోసారి మొదటి ధార తువ్వాల్లోకి పోనిచ్చి పడితే, చేతులు పిడికిలి వదిలేసి, పావుగంట తాగి అలాగే నిద్రపోయింది. ఆ పిల్ల తల్లి మాత్రం ఏడ్చింది. "నా పాలు మంచివే కదత్తా" అంది. మంచివే తల్లీ, కాస్త తొందర ఎక్కువ, అన్నాను. మొన్న తూకం వేయిస్తే పిల్ల బరువు బాగా పెరిగింది. డబ్బా ఇంకా మూత తియ్యకుండా కిటికీలోనే ఉంది.

మీ ఇంట్లోనో, వీధిలోనో పసిబిడ్డ పాల దగ్గర ఏడుస్తుంటే, "పాలు చాలట్లేదా" అని అడక్కండి. ఆ ఒక్క ప్రశ్న బాలింతని కుంగదీస్తుంది. "రెండోవైపు జాకెట్టు తడుస్తోందా?" అని అడిగి చూడండి.